కృష్ణ ఒడ్డున మూడు తరాల పడవల రేవు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలోని మా రేవుకు వచ్చేవారు పడవల ధర, ఇంజను సంగతి అడిగిన తరువాత, కుర్చీలో కాస్త స్థిమితపడి, మా కుటుంబం ఈ పనిలోకి ఎలా వచ్చిందని తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నలకు మాటల్లో చెప్పే జవాబులు తొందరలో సగమే చెప్పగలుగుతున్నాము కనుక, మా తాతగారి నుంచి, నాన్నగారి నుంచి విన్నవీ, మేము స్వయంగా చూసినవీ కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

మీ రేవు ఎప్పుడు, ఎలా మొదలైంది?

ఫలానా రోజున కొబ్బరికాయ కొట్టి తెరిచిన దుకాణం కాదు ఇది. మా తాతగారు పడవల వడ్రంగి. ఏలూరు కాలువ గట్టు మీద చెట్టు నీడన బాడిశ, ఉలి, రంపం పెట్టుకొని, వేసవిలో నీరు ఆపి కాలువలు కట్టేసినప్పుడు ఒడ్డుకు లాగిన సరుకు పడవలను బాగుచేసేవారు. కాలువ కట్టేసిన నెలలే ఆయనకు పంట కాలం, ఎందుకంటే నీరు పారుతున్నంతకాలం పడవ యజమాని దానిని ఒక్కరోజు కూడా ఖాళీగా ఉంచడు. ఆ రెండు నెలల్లో పూర్తిచేయలేని పని ఏడాది పొడవునా మిగలడంతో, ఆయన కొత్త పడవలు కట్టడం, పాతవి కొని బాగుచేసి అమ్మడం ప్రారంభించారు. ఆ కొనుగోళ్లు, అమ్మకాల నుంచే నేటి వ్యాపారం పెరిగింది. ప్రకాశం బ్యారేజీ కట్టిన తరువాత నాన్నగారు కాలువ గట్టును వదలి, బ్యారేజీకి ఎగువన భవానీపురం వైపు నది ఒడ్డుకు పని మార్చారు.

సముద్రం ఇంత దూరంలో ఉండగా పడవల వ్యాపారానికి బెజవాడనే ఎందుకు ఎంచుకున్నారు?

బెజవాడను మేము ఎంచుకోవలసిన అవసరం రాలేదు. ఆనకట్టే ఈ ఊరిని పడవల కూడలిగా మార్చింది. ఇంద్రకీలాద్రికీ, అవతలి ఒడ్డున ఉన్న సీతానగరం కొండకూ మధ్య కృష్ణ ఇరుకుగా ప్రవహిస్తుంది. కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట ఆ ఇరుకులోనే నిలిచింది. దాని అసలు ఉద్దేశం సాగునీరు. అయితే నీటిని ఎత్తుకు తెచ్చి కాలువల్లోకి మళ్లించినప్పుడు, ఏడాదిలో ఎక్కువ కాలం నిండుగా, నెమ్మదిగా పారే నీటి దారులు కూడా వాటంతట అవే సిద్ధమయ్యాయి. ఎడమ ఒడ్డున బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, కుడి ఒడ్డున పశ్చిమ డెల్టా కాలువ ఇక్కడి నుంచే బయలుదేరతాయి. నదిలో నుంచి కాలువలోకి పడవ దిగడానికీ, కాలువ మట్టం మారే ప్రతిచోటా పైకో కిందికో పోవడానికీ లాకులు కట్టారు.

నదిని మాత్రమే నమ్ముకున్న ఊరిలో పడవవాడికి వరద వస్తే భయం, ఎండాకాలం వస్తే ఇసుక మేటలు. కాలువల మొదట ఉన్న ఊరిలో ఆ రెండూ తగ్గుతాయి. నీరు నిలిచే చోటనే పడవకు బతుకని తాతగారు అనేవారు. మా రేవు చరిత్ర అంతా ఆ నీటిమట్టం వెంటే నడిచింది.

ఆ రోజుల్లో కాలువ పడవలు ఎంత దూరం వెళ్లేవి? ఏమి మోసేవి?

ఇప్పటివారికి నమ్మశక్యం కాదు గాని, ఒకప్పుడు కాకినాడలో ఎక్కిన సరుకు బెజవాడ మీదుగా మద్రాసు వరకు, సముద్రంలోకి దిగకుండానే వెళ్లగలిగేది. కాకినాడ కాలువ మీద రాజమండ్రికి 50 కిలోమీటర్లు. గోదావరి దాటి ఏలూరు కాలువ మీద విజయవాడకు 139 కిలోమీటర్లు. కృష్ణ దాటి దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువ వెంట పెదగంజాం వరకు 113 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఉత్తర బకింగ్‌హామ్ కాలువ వెంట మద్రాసుకు 316 కిలోమీటర్లు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకం 1806లో మద్రాసు దగ్గర మొదలై, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఉత్తరానికి సాగింది. 1876–78 నాటి ధాత కరువులో తిండి లేని జనానికి కూలి కల్పించేందుకు దానిలో పెద్ద భాగం తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే కాలువకు స్థిరపడింది. ఆ కాలువను గురించి మాట్లాడేటప్పుడు ఆ కరువు కూలీలను తలచుకోవడం మా ఇంట్లో అలవాటు.

డెల్టా నుంచి ధాన్యం, బియ్యం, పసుపు వెళ్లేవి. చినగంజాం వైపు నుంచి ఉప్పు వచ్చేది. గోదావరి మన్యం నుంచి దిగిన టేకు, వెదురు రాజమండ్రి మీదుగా వచ్చేవని తాతగారు చెప్పేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టు మీద నడుస్తూ భుజాన తాడు వేసుకొని పడవను లాగేవారు, సరంగు వెనుక చుక్కాని పట్టేవాడు, మరొకడు గడకర్రతో ఒడ్డుకు తగలకుండా నెట్టేవాడు. పడవలోనే పొయ్యి, పడవలోనే పడక. లాకుల దగ్గర వరుసలో ఆగిన పడవల మధ్య వార్తలు, పెళ్లి సంబంధాలు, అప్పులు అన్నీ చేతులు మారేవి. మా తాతగారికి పని ఇచ్చిన సరంగులలో చాలామంది ఆయనకు లాకుల దగ్గర పరిచయమైనవారే.

తాతగారు కట్టిన పడవలు ఎలా ఉండేవి?

అడుగు బల్లపరుపుగా, పక్కలు కాస్త విచ్చుకొని, రెండు కొనలు సన్నబడి ఉండేవి. కాలువలో లోతు తక్కువ కనుక లోతైన అడుగు పనికిరాదు. నీటిలో మునిగే బల్లలకు ముదురు టేకు చేవ వాడేవారు. టేకు కొనలేనివారికి మద్దితో కట్టేవారు. లోపల పక్కటెముకల్లా నిలిచే వంపు కర్రలకు తుమ్మ కావాలి, అది కూడా చెట్టు మీద సహజంగా వంపు తిరిగిన కొమ్మే కావాలి. నిటారు కర్రను కోసి వంపు చేస్తే కర్ర పీచు తెగిపోతుందని, అలాంటిది మొదటి దెబ్బకే విరుగుతుందని ఆయన పట్టుదల. అందుకోసం గుంటూరు జిల్లా పల్లెల్లో పొలం గట్లు తిరిగి, చెట్టు మీదనే కొమ్మను చూసి బేరమాడి వచ్చేవారు.

రెండు బల్లలు ఎంత బాగా కలిపినా సందు మిగులుతుంది. ఆ సందులో నూలు గాని జనుము గాని మెలిపెట్టి, మొద్దుబారిన ఉలితో కొట్టి కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్దను పూసేవారు. పడవ నీటిలో దిగిన తరువాత కర్ర ఉబ్బి ఆ సందును తానే బిగించుకుంటుంది. అందుకే కొత్త పడవను మొదటి రోజే సరుకుతో నింపకుండా, మూడు నాలుగు రోజులు ఖాళీగా నీటిలో ఉంచి, ఊరిన నీటిని తోడి, అప్పుడు అప్పగించేవారు. కొన్నవారు పడవను తీసుకెళ్లడానికి ఎంత తొందరపడినా ఆయన ఒప్పుకునేవారు కాదు.

కొల్లేరులో తాటి మొద్దు తొలిచి చేసే దోనెలు, ఎగువ కృష్ణలో జాలరులు వాడే, వెదురుతో అల్లిన గుండ్రని పుట్టి మరొక విద్య. వాటిని మా కుటుంబం ఎన్నడూ చేయలేదు. అడిగినవారిని ఆ పని తెలిసినవారి దగ్గరకే పంపేవాళ్లము.

కాలువ రవాణా ఎందుకు ఆగిపోయింది?

ఒక్క కారణం చెప్పడం న్యాయం కాదు. 1890లలో కృష్ణ మీద రైలు వంతెన, తూర్పు తీరపు రైలు మార్గం వచ్చినప్పుడే దూరప్రయాణపు సరుకు రైలెక్కడం మొదలైంది. అయినా తక్కువ దూరాలకు, తొందర లేని సరుకుకు పడవే చవక. ఆ తరువాత లారీ వచ్చి పొలం గట్టు నుంచే ధాన్యం ఎత్తుకుపోయింది. బకింగ్‌హామ్ కాలువను 1965, 1966, 1976 తుపానులు పూడ్చివేశాయి. పూడిక తీయనప్పుడు లాకులు తుప్పుపట్టాయి, లాకులు తెరుచుకోనప్పుడు పడవ ఆగింది, పడవ ఆగినప్పుడు పూడిక తీయమని అడిగేవారే లేకపోయారు. ఊళ్ల మధ్య కాలువల మీద తక్కువ ఎత్తులో వంతెనలు కట్టడం చివరి దెబ్బ. కాలువ మీద వంతెన కట్టేటప్పుడు దాని కింద పడవ పోగలదా అని ఆలోచించకపోవడం మన ప్రాంతం చేసిన పెద్ద పొరపాటని మా అభిప్రాయం.

సరంగులలో కొందరు లారీలకు మారారు, కొందరు పొలం పనులకు వెళ్లారు. తాతగారు చివరి సంవత్సరాల్లో ఒడ్డున విప్పి అమ్మిన పడవల బల్లలతో ఇళ్లకు తలుపులు, మంచాలు చేసి ఇచ్చారు. బెజవాడ పాత ఇళ్లలో అలాంటి తలుపు ఉంటే, సందుల్లో మేకుల గుర్తులు వరుసగా కనిపిస్తాయి.

బ్యారేజీ వచ్చాక మీ పని ఎలా మారింది?

1952 వరదలో పాత ఆనకట్టకు గండి పడింది. 1954లో కొత్త బ్యారేజీ పని మొదలై 1957 చివరలో దాని మీద రాకపోకలు ప్రారంభమయ్యాయి. ఆ ఏడాదే కన్నుమూసిన ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు దానికి పెట్టారు. సుమారు 1,223 మీటర్ల పొడవు, 70 గేట్లు. దానివల్ల మాకు ఒక చేత పోయినది, ఒక చేత వచ్చినది. రోడ్డు పడటంతో సీతానగరం వైపు మనుషులను, బండ్లను దాటించే పడవల పని తగ్గింది. అదే సమయంలో ఎగువన 3.07 టీఎంసీల నీరు, బ్యారేజీ దగ్గర 12 అడుగుల లోతున, వానాకాలం కాని రోజుల్లో కూడా నిలవడం మొదలైంది. ఆ నిలకడ నీటి ఒడ్డున పడవలను కట్టి ఉంచవచ్చునని, దాటించే పని పోయినా లంక రైతులకు, జాలరులకు, విహారానికి వచ్చేవారికి పడవలు కావలసి వస్తాయని నాన్నగారు ముందే గ్రహించారు.

కేవలం వడ్రంగులుగా ఉన్నవారు ఇంజన్ల వ్యాపారులుగా ఎలా మారారు?

లంక రైతుల వల్ల. నది మధ్య లంకల్లో కూరగాయలు, పశుగ్రాసం, అరటి పండించేవారు తెల్లవారకముందే సరుకు బజారుకు చేర్చాలి. తెడ్డు వేసి ప్రవాహానికి ఎదురు రావడం వారికి శక్తికి మించిన పని అవుతూ ఉండేది. పొలంలో వాడే చిన్న డీజిల్ ఇంజనుకు పొడవాటి ఇరుసు, చివర పంకా బిగించి పడవ వెనుక అమర్చవచ్చునని మొదట చూపింది ఒక రైతే గాని మేము కాము. ఆ అమరిక వల్ల వచ్చే అదురుకు పాత పడవల సందులు వదులై నీరు ఊరడం మొదలైనప్పుడు, వారు పడవలను నాన్నగారి దగ్గరకు తెచ్చారు. ఆయన ఇంజను కూర్చునే వెనుక బల్లను మందం చేసి, దాని బరువు రెండు పక్కల బల్లలకు సమంగా పంచేలా అడ్డకర్రలు వేసి ఇచ్చారు. ఇంజను కూడా మీరే తెచ్చి పెట్టండని వారు అడగడంతో తొలిసారి ఇంజను అమ్మాము.

పడవ వెనుక అంచుకు బయట తగిలించే జపాన్, అమెరికా కంపెనీల అవుట్‌బోర్డు మోటార్లు ఆ తరువాత వచ్చాయి. వాటిని అమ్మేముందు విప్పి బిగించడం నేర్చుకోవాలని నాన్నగారి నియమం. కొన్నవారి మోటారు నది మధ్యలో ఆగిపోతే, ఆ రోజే వెళ్లి చూడలేనివాడు దానిని అమ్మకూడదని ఆయన నమ్మకం.

ఫైబర్ పడవలు వచ్చిన తరువాత చెక్క పడవలకు కాలం చెల్లిందా?

అమ్మకాల్లో చెల్లింది, ఆ సంగతి దాచడం లేదు. మంచి టేకు దొరకడం కష్టం, దొరికినా దాని ఖరీదు సామాన్య జాలరి భరించలేడు. 2004 డిసెంబరు సునామీ తరువాత తీరమంతా పోయిన పడవల స్థానంలో ఫైబర్ పడవలే ఎక్కువగా వచ్చాయి. మా బాబాయిగారు కాకినాడ వైపు వెళ్లి ఆ పని నేర్చుకొని వచ్చారు. ముందుగా అచ్చు తయారుచేసి, దానికి మైనం రాసి, పైపొరగా నిలిచే జెల్‌కోటు పూసి, గాజునార పరుపులను పొరలు పొరలుగా పరుస్తూ, గట్టిపడే జిగురు ద్రవమైన రెసిన్‌తో తడిపి, లోపల గాలి బుడగలు లేకుండా రోలరుతో అణచాలి. రెసిన్‌లో గట్టిపరిచే మందు ఎంత కలపాలన్నది ఆ రోజు ఎండను బట్టి ఉంటుంది. విజయవాడ మే నెల ఎండలో కొలత కాస్త ఎక్కువైతే పనివాడి చేతిలోనే గట్టిపడిపోతుంది. అందుకే మేము వేసవిలో ఆ పనిని తెల్లవారుజామున చేస్తాము.

ఫైబర్ పడవకు చెదలు, కుళ్లు లేవు. అయితే లోపల బుడగ మిగిలిన చోట నీరు చేరి బొబ్బలు వస్తాయి, రాయి తగిలిన చోట పొర చీలుతుంది, ఎండలో ఏళ్ల తరబడి ఉంటే పై మెరుపు పోయి పెళుసెక్కుతుంది. చెక్క పడవ తన జబ్బును నీరు ఊరడం ద్వారా ముందే చెబుతుంది. ఫైబర్ పడవ అలా చెప్పదు, దాని అడుగును మనమే చేతితో తట్టి వినాలి. ఆ తట్టడం మాకు తాతగారి నుంచి వచ్చిందే.

మీ స్థలాన్ని మరీనా అనవచ్చా?

కొత్తగా వచ్చేవారు ఆ మాట వాడుతున్నారు. మన పెద్దవారికి మరీనా అంటే 1880లలో గవర్నరు గ్రాంట్ డఫ్ పేరు పెట్టిన మద్రాసు సముద్రపు ఒడ్డే గుర్తుకు వస్తుంది. పడవల భాషలో మరీనా అంటే అలల తాకిడి లేని చోట, నీటిమట్టంతో పాటు లేచి దిగే తేలుడు వంతెనలు, ఒక్కొక్క పడవకు ఒక్కొక్క గది వంటి చోటు, ఇంధనం, మరమ్మతు, ఒడ్డుకు లాగే వాలు దారి అన్నీ ఉన్న ఏర్పాటు. మా దగ్గర వాలు దారి, మరమ్మతు షెడ్డు, ఒక తేలుడు వంతెన, పడవలు కట్టే స్తంభాలు ఉన్నాయి. వరద ప్రవాహానికి అడ్డుకట్ట లేని చోటును మరీనా అని బోర్డు మీద రాయడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే అవుతుంది. రేవు అన్న మాటలో మాకు ఏ లోటూ కనిపించలేదు.

భద్రత విషయంలో మీరు అంత పట్టుబట్టడానికి కారణం ఏమిటి?

2017 నవంబరు 12, కార్తిక మాసపు ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర, కృష్ణలో గోదావరి నీరు కలిసే పవిత్ర సంగమం సమీపంలో పర్యాటకుల పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పడవతో మాకు ఏ సంబంధమూ లేదు. కాని ఆ సాయంత్రం మా రేవు నుంచి వెళ్లిన పడవలు ఒడ్డుకు మనుషులను కాదు, శవాలను చేర్చాయి. నాన్నగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. రెండేళ్ల తరువాత 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర, వరదలో, మరొక పెద్ద ప్రమాదం జరిగింది.

పడవ తిరగబడటం వెనుక ఉన్న లెక్క కష్టమైనది కాదు. మనుషులు కూర్చున్నప్పుడు బరువు కిందికి ఉంటుంది. ఫొటో కోసమో, భయంతోనో అందరూ ఒక్కసారి లేచి ఒక పక్కకు చేరితే బరువు పైకి, పక్కకు జరుగుతుంది. పడవ అంచు నీటికి ఎంత ఎత్తున మిగిలి ఉందన్నదే అప్పుడు ప్రాణాలను నిర్ణయిస్తుంది. పరిమితికి మించి ఎక్కిస్తే ఆ ఎత్తు ముందే తరిగిపోయి ఉంటుంది. అందుకని మేము అమ్మే ప్రతి పడవ మీద ఎంతమంది ఎక్కవచ్చునో తెలుగులో, చెరగని రంగుతో, ఎక్కేవారికి కనిపించే చోట రాస్తాము. ఆ సంఖ్యను పెంచి రాయమని అడిగినవారికి పడవ అమ్మము. అలా వదులుకున్న బేరాలు ఉన్నాయి. తలకు ఒక లైఫ్ జాకెట్ పడవ ధరలోనే కలిపి ఇస్తాము. జాకెట్ బల్ల కింద ఉంటే లేనట్టే, ఒంటి మీద ఉండాలి.

కొన్న తరువాత ఏ అనుమతులు తీసుకోవాలి?

మోటారుతో నడిచే పడవలకు 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్గత జలనౌకల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం, బీమా, నడిపేవారికి అర్హత పత్రం కావాలి. చేపలు పట్టే పడవలను మత్స్యశాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. ప్రయాణికులను ఎక్కించుకొని డబ్బు తీసుకునే ఉద్దేశం ఉంటే, కాగితాలన్నీ చేతికి వచ్చేవరకు పడవను నీటిలో దించవద్దని చెబుతాము, అప్పటివరకు మా షెడ్డులో ఉంచుకోవచ్చు.

2024 వరదలో మీ రేవుకు ఏమైంది?

ఆ సెప్టెంబరు ఒకటో తేదీ రాత్రి, ప్రకాశం బ్యారేజీ చరిత్రలోనే అత్యధికంగా, 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటిన ప్రవాహం వచ్చింది. 2009 అక్టోబరు వరదను చూసినవారము కనుక, ఆగస్టు చివరి వానలకే చిన్న పడవలన్నింటినీ వాలు దారి మీదుగా పైకి లాగించాము. అయినా మా వైపు నుంచి ఒక పొరపాటు జరిగింది. ఒక పెడల్ పడవల గుంపును ఒకే తాడుతో, ఒకే స్తంభానికి కట్టాము. నీరు పెరిగే కొద్దీ తాడు వదలవలసిన మనిషిని మరొక పనికి పంపాము. తాడు తెగి నాలుగు పడవలు పోయాయి. అవి తేలికైనవి, ఎవరికీ హాని చేయలేదు. అయినా ఆ రాత్రి అవి చీకటిలోకి కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడటం తప్ప ఏమీ చేయలేకపోయాము. అదే వరదలో ఎగువ నుంచి కట్లు తెగి వచ్చిన భారీ పడవలు బ్యారేజీ గేట్లను ఢీకొనడంతో 67, 69, 70 నంబరు గేట్లను ఎత్తేందుకు తోడ్పడే బరువు దిమ్మెలు దెబ్బతిన్నాయి. డెల్టాలో 13 లక్షల ఎకరాలకు నీరిచ్చే కట్టడానికి, తాడు సరిగా కట్టని పడవ ఎంత ప్రమాదమో ఊరంతా చూసింది.

అందుకే ఇప్పుడు పడవ కొన్న ప్రతివారికీ తాడు కట్టడం నేర్పకుండా పంపడం లేదు. వరదలో కురచగా కట్టిన తాడు నీరు పెరిగినప్పుడు పడవ ముక్కును కిందికి లాగి ముంచుతుంది లేదా తానే తెగుతుంది. రెండు వేర్వేరు ఆధారాలకు, పొడవైన నైలాన్ తాళ్లతో, రాపిడి తగిలే చోట పాత గొట్టం తొడిగి కట్టాలి. నైలాన్ కాస్త సాగి కుదుపును మింగుతుంది. ప్లాస్టిక్ తాడు చవక గాని ఎండకు పీచుగా రాలిపోతుంది. ఇవన్నీ చేసినా, పెద్ద వరద హెచ్చరిక వస్తే ఒడ్డు మీదికి లాగడమే మేలు.

అవే రోజుల్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ మునిగినప్పుడు, పైకి లాగి ఉంచిన మా పడవలనే ట్రాలీల మీద అటు పంపాము. నదికి కట్టిన పడవలు వీధుల్లో తిరగడం మా మూడు తరాలలో ఎవరూ ఊహించనిది. ఫైబర్ అడుగులు గేట్ల చువ్వలకు, మునిగిన బండ్లకు తగిలి చాలా చోట్ల చీలాయి. వాటిని బాగుచేయడానికి దీపావళి వరకు పట్టింది.

మోటారు తరచూ ఆగిపోవడానికి ఇక్కడ ప్రత్యేక కారణం ఉందా?

గుర్రపుడెక్క అనే, నీటిపై తేలే కలుపు మొక్క. అది పంకాకు చుట్టుకోవడమే గాక, మోటారును చల్లబరచే నీటిని పీల్చుకునే రంధ్రాన్ని మూసివేస్తుంది. మోటారు పక్క నుంచి సన్నని నీటిధార పడుతూ ఉందా లేదా అని నడుస్తున్నంతసేపూ చూడాలి. ధార ఆగితే వెంటనే ఆపి శుభ్రం చేయాలి.

పడవ పోటీలు, సీప్లేన్ వంటి వాటి వల్ల వ్యాపారం పెరిగిందా?

2018 నవంబరులో పున్నమి ఘాట్ దగ్గర ప్రపంచస్థాయి పవర్‌బోట్ పోటీలు జరిగాయి, 2024 నవంబరులో అక్కడి నుంచే శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరింది. పిల్లలను వెంటబెట్టుకొని మేమూ వెళ్లి చూశాము. అవి అమ్మకాలను పెంచలేదు. ఊరివారి చూపును నది వైపు తిప్పాయి, అందుకు సంతోషమే.

జాతీయ జలమార్గం వస్తే కాలువ పడవలు మళ్లీ వస్తాయా?

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణ భాగాలను కలిపి 1,078 కిలోమీటర్లను నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. తొలి దశగా ముక్త్యాల నుంచి విజయవాడ వరకు 82 కిలోమీటర్ల నది భాగాన్ని తీసుకొని 2017లో పని ప్రారంభించారు. నది భాగంలో సరుకు నడపడం సాధ్యమేనని మా అనుభవం చెబుతుంది. కాలువల సంగతి వేరు: లాకులను తిరిగి కట్టాలి, వంతెనలను ఎత్తాలి, గట్ల మీది ఆక్రమణలను తొలగించాలి, ఊళ్ల మురుగును వేరే దారి పట్టించాలి. అంత పని జరగాలని మనసారా కోరుకుంటాము. జరిగిన రోజున కాలువకు తగిన పడవ కొలతలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, తాతగారు గోడకు మేకు కొట్టి తగిలించిన కొలకర్ర రూపంలో.

ఈ వ్యాపారంలో ఇంటి ఆడవారి పాత్ర ఏమిటి?

లెక్కలన్నీ మా మేనత్తగారివి. పెళ్లయి తెనాలి వెళ్లినా, ప్రతి గురువారం వచ్చి పుస్తకాలు చూసేవారు. లంక రైతులకు పంట చేతికొచ్చాక తీర్చే పద్ధతిన అప్పు ఇవ్వడం ఆమె ఆలోచనే. వరద వచ్చి పంట పోయిన ఏడాది వాయిదా అడగకూడదన్న నియమం కూడా ఆమెదే. ఆ బాకీల్లో దాదాపు అన్నీ ఆలస్యంగానైనా వచ్చాయి. ఇప్పుడు మా చెల్లెలు ఫైబర్ షెడ్డును చూసుకుంటోంది. రెసిన్ కలిపే కొలతలో ఆమె చేతికి మా ఎవరి చేయీ సాటిరాదు.

దసరా రోజున రేవు ఎందుకు మూసి ఉంటుంది?

విజయదశమి సాయంత్రం దుర్గా ఘాట్ దగ్గర అమ్మవారికి, స్వామివారికి హంసవాహనం మీద తెప్పోత్సవం జరుగుతుంది. ఆ పూట ఆ నీటిలో మా పడవ ఏదీ తిరగదు. ఉదయం పనిముట్లకు పూజ చేసి మూసేస్తాము. నదిలో వరద ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో విహారం నిలిపివేసి, కట్టి ఉంచిన తెప్ప మీదనే పూజలు జరిపిస్తారు. ఆ నిర్ణయాన్ని చూసి పడవలవారు నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

తాతగారు కట్టిన పడవ ఏదైనా ఇంకా ఉందా?

ఒకటి ఉంది. పద్దెనిమిది అడుగుల చిన్న పడవ, ఒక సరంగు కుటుంబం తిరిగి మాకే ఇచ్చింది. షెడ్డు చివర బోర్లించి ఉంచాము. అడిగితే చూపిస్తాము, అమ్మము. ప్రతి వేసవిలోనూ కాలువలు కట్టే రోజుల్లోనే, అలవాటు తప్పకుండా, దాని సందులను పరీక్షించి నూనె పట్టిస్తాము. తరువాత మూడు రోజులు నీటిలో ఉంచి ఊరనిస్తాము. ఈసారి అడుగు బల్లల్లో రెండు మెత్తబడినట్టు తట్టినప్పుడు తెలిసింది. వాటి స్థానంలో వేయడానికి మద్ది బల్లలు కోయించి నీడన ఆరబెట్టాము. వచ్చే వేసవికి అవి పనికి వస్తాయి.